స్వింగ్ డాన్స్ అసలు ఎక్కడ పుట్టింది? లిండీ హాప్, జిట్టర్‌బగ్, జైవ్ అన్నీ ఒకటేనా?

కొత్తఅడుగులు:

అందరికీ నమస్తే. మూడు నెలలుగా స్వింగ్ డాన్స్ క్లాసుకి వెళ్తున్నాను. కాళ్లు ఇప్పుడిప్పుడే మాట వింటున్నాయి గానీ బుర్ర మాత్రం అయోమయంలో ఉంది. మా క్లాసులో నేర్పేది లిండీ హాప్. పక్క బ్యాచ్ వాళ్లది వెస్ట్ కోస్ట్ స్వింగ్ అంట, చూస్తే రెండింటికీ పోలికే కనపడదు. పాత వీడియోల కింద జనం జిట్టర్‌బగ్ అని రాస్తారు, బాల్‌రూమ్ పోటీల్లో ఇలాంటిదే చేసి జైవ్ అంటారు. ఇవన్నీ ఒకటేనా, లేక ఒకదాంట్లోంచి ఒకటి వచ్చాయా?

ఇంకో డౌట్ కూడా ఉంది. లిండ్‌బర్గ్ విమానంలో అట్లాంటిక్ దాటాడని, ఆ సంబరంలో జనం ఎగిరి గంతులేస్తే లిండీ హాప్ పుట్టిందని క్లాసులో చెప్పారు. నాకు అది మింగుడు పడలేదు. అడిగితే "అదంతా తర్వాత, ముందు రాక్ స్టెప్ సరిగ్గా వెయ్యండి" అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, ఎంత పెద్దగా రాసినా మొత్తం చదువుతాను.

పాతరికార్డులు:

మంచి ప్రశ్న అడిగారండి. ఆ విమానం కథలో పేరు వరకు నిజం ఉండొచ్చు, పుట్టుక మాత్రం కాదు. లిండ్‌బర్గ్ ఎగిరింది 1927 మేలో. అప్పటికే న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లజాతి కుర్రాళ్లు ఈ డాన్స్ చేస్తున్నారు, పేరే ఇంకా కుదురుకోలేదు. 1923లో ఒక బ్రాడ్‌వే షో వల్ల చార్ల్‌స్టన్ అనే డాన్స్ దేశమంతా పాకింది. దానితో పాటు బ్రేక్‌అవే అని ఇంకోటి నడిచేది. జంటగా పట్టుకుని ఆడుతూ ఆడుతూ మధ్యలో చేతులు వదిలి ఎవరికి తోచిన అడుగు వాళ్లు వేసి, మళ్లీ వచ్చి కలిసేవాళ్లు. వినడానికి చిన్న విషయంలా ఉంది కదా, కానీ అంతకుముందు యూరప్ నుంచి వచ్చిన జంట డాన్సుల్లో ఇద్దరూ పాట అయ్యేదాకా ఒకే బిగువులో కలిసి తిరగాలి, ఒకరిని వదిలి ఇంకొకరు సొంతంగా ఏదైనా చెయ్యడమనేదే లేదు. ఆ చేతులు వదలడంలోనే ఉంది అసలు సంగతంతా.

1928 వేసవిలో మాన్‌హాటన్ కాసినోలో రోజుల తరబడి సాగే డాన్స్ మారథాన్ ఒకటి పెట్టారు. అందులో జార్జ్ స్నోడెన్ అనే కుర్రాడున్నాడు, పొట్టివాడు కాబట్టి అందరూ షార్టీ జార్జ్ అనేవాళ్లు. మధ్యలో తన జోడీని అలా బయటికి విసిరి తను సొంత అడుగులు వేస్తే చూసేవాళ్లు కేకలు పెట్టారంట. ఇదేంటని ఒకరు అడిగితే 'లిండీ' అని చెప్పానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ పేరు నిజంగా ఆయన నోటి నుంచే వచ్చిందా లేక అప్పటికే వాడుకలో ఉందా అని ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. నన్నడిగితే పేరు ఎవరు పెట్టారన్నది అంత ముఖ్యం కాదు. ఆయన 1929లో ఒక చిన్న సినిమాలో చేసిన బ్రేక్‌అవే ఇప్పటికీ చూడొచ్చు. చూడండి, పై సగం చార్ల్‌స్టన్‌లా నిటారుగా ఉంటుంది, కింద కాళ్లు మాత్రం అప్పుడే లిండీలోకి వచ్చేశాయి.

ఇక సవోయ్ బాల్‌రూమ్ గురించి చెప్పకపోతే ఏం చెప్పినట్టూ కాదు. 1926 మార్చిలో హార్లెమ్‌లో లెనాక్స్ అవెన్యూ మీద, 140, 141 వీధుల మధ్య తెరిచారు. పొడవుగా ఉండేది, అందుకే రెగ్యులర్‌గా వచ్చేవాళ్లు 'ద ట్రాక్' అనేవాళ్లు. పక్కపక్కనే రెండు బ్యాండ్ స్టేజీలు, ఒక బ్యాండ్ దిగేలోపు రెండోది అందుకునేది, పాట ఆగేదే కాదు. కాటన్ క్లబ్‌లో వాయించేదీ ఆడేదీ నల్లవాళ్లు, కూర్చుని చూసేది తెల్లవాళ్లు. సవోయ్‌లో అలా కాదు, ఎవరైనా లోపలికి రావచ్చు, ఒకే ఫ్లోర్ మీద కలిసి ఆడొచ్చు. ఆ రోజుల అమెరికాలో అది చాలా పెద్ద మాట.

అక్కడ ఎక్కువగా వాయించింది చిక్ వెబ్ బ్యాండ్. ఆయన డ్రమ్మర్. చిన్నప్పుడే క్షయ వెన్నెముకకు పట్టి మనిషి ఎదగలేదు, డ్రమ్స్ వెనక కూర్చుంటే సరిగ్గా కనిపించేవాడే కాదు. కానీ ఆయన కొట్టే దెబ్బకు ఫ్లోర్ మొత్తం కదిలేది. 1937 మే 11న బెనీ గుడ్‌మన్ బ్యాండ్ సవోయ్‌కి పోటీకి వచ్చింది, అప్పట్లో దేశంలో దానికున్న పేరు ఇంకే బ్యాండ్‌కీ లేదు. ఆ రాత్రి లోపల వేల మంది, చోటు దొరక్క బయట వేల మంది. జనం వెబ్‌నే గెలిపించారు. డాన్సర్లు ఎలా కదులుతున్నారో చూసి బ్యాండ్ వాయించేది, బ్యాండ్ ఎలా వాయిస్తోందో విని డాన్సర్లు అడుగు మార్చేవాళ్లు. పాటా డాన్సూ అలా ఒకే గదిలో కలిసి పెరిగాయి.

ఎనిమిదిలెక్క:

పైన చాలా బాగా రాశారు. నేను తొమ్మిదేళ్లుగా లిండీ ఆడుతున్నాను, అడుగుల వైపు నుంచి కొంచెం చెప్తాను.

కొత్తఅడుగులు గారూ, మీ క్లాసులో స్వింగ్ అవుట్ మొదలుపెట్టారా? లిండీకి గుండె అదే. ఎనిమిది లెక్కలు. ఒకటి, రెండుకి రాక్ స్టెప్ (ఒక అడుగు వెనక్కి, మళ్లీ ముందుకి) వేసి ఇద్దరూ దగ్గరికి రావడం మొదలుపెడతారు. మూడు, నాలుగుకి ట్రిపుల్ స్టెప్‌తో (రెండు లెక్కల్లో మూడు అడుగులు) కలుస్తారు, లీడ్ (నడిపించే మనిషి) కుడిచెయ్యి ఫాలో (వెంట నడిచే మనిషి) వీపు మీదికి వెళ్తుంది. అయిదు, ఆరుకి ఇద్దరూ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతారు. ఏడు, ఎనిమిదికి చెయ్యి వదిలేస్తే ఫాలో ఆ ఊపుతోనే బయటికి వెళ్లిపోతుంది. ఇప్పుడు పైన చెప్పిన బ్రేక్‌అవే గుర్తు తెచ్చుకోండి. కలవడం, తిరగడం, విడిపోవడం, ఆ విడిపోయిన చోట ఇద్దరికీ సొంతంగా ఏదైనా చేసుకునే ఖాళీ. షార్టీ జార్జ్ చేతులు వదిలిన ఆ క్షణాన్నే మనం ఇప్పుడు ప్రతి ఎనిమిది లెక్కలకోసారి చేస్తున్నాం. ఇది తెలిశాక నా డాన్సే మారిపోయింది, అంతకుముందు ఎనిమిదో లెక్క దగ్గర తర్వాతి స్టెప్ ఏంటా అని టెన్షన్ పడేదాన్ని, ఇప్పుడు ఆగి పాట వింటున్నాను.

ఫ్రాంకీ మానింగ్ గురించి కూడా తెలుసుకోవాలి మీరు. సవోయ్‌లో షార్టీ జార్జ్ తర్వాతి తరం ఆయనది. మొదటివాళ్లు నిలబడి ఆడేవాళ్లు, ఈయన నడుము వంచి, మోకాళ్లు సడలించి, పరుగు పందెంలో మనిషిలా నేలవైపు వంగి ఆడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు మీ టీచర్ "కిందికి, ఇంకా కిందికి" అని అరుస్తున్నారంటే అది ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. షార్టీ జార్జ్‌కి ఒక ముగింపు ఉండేది, తనకంటే చాలా పొడుగైన జోడీ బిగ్ బీ అతన్ని వీపు మీద వేసుకుని ఫ్లోర్ దిగిపోయేది, జనం పడీ పడీ నవ్వేవాళ్లు. ఫ్రాంకీ దాన్నే తిరగేసి ఆలోచించాడు: వీపు మీదికి వెళ్లిన మనిషి అక్కడే ఆగిపోకుండా అటువైపు దొర్లి, సరిగ్గా బీట్ మీద కాళ్ల మీద దిగితే? ఫ్రీడా వాషింగ్టన్‌తో పరుపు వేసుకుని ప్రాక్టీస్ చేసి, 1935లో సవోయ్‌లో పోటీలో షార్టీ జార్జ్ ముందే వేశాడు. వెనక చిక్ వెబ్ వాయిస్తున్నాడు. ఫ్రీడా అతని వీపు మీద నుంచి దొర్లి నేల తాకడం, బ్యాండ్ దెబ్బ పడటం ఒకేసారి. మొదటి ఎయిర్ స్టెప్ అదే. ఎయిర్ స్టెప్ అంటే సర్కస్ అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అందులో 'స్టెప్' అన్న మాట ఉంది, తాళం తప్పితే అది ఎగరడమే గానీ డాన్స్ కాదు.

ఇక మీ పేర్ల డౌట్. జిట్టర్‌బగ్ అనే మాటను 1934లో క్యాబ్ కాలోవే పాట బాగా ప్రచారంలోకి తెచ్చింది. తర్వాత స్వింగ్ పిచ్చి పట్టిన తెల్ల కుర్రకారుకి, ఆ తర్వాత వాళ్లాడే డాన్సుకి అదే పేరైపోయింది. అంటే అది విడిగా ఒక డాన్స్ కాదు, బయటివాళ్లు పెట్టిన పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు దీన్ని యూరప్‌కి పట్టుకెళ్లారు, అక్కడ ఇంగ్లండ్ డాన్స్ టీచర్లు కత్తిరించి, సరిచేసి, మోకాళ్లు పైకెత్తించి పోటీలకు పనికొచ్చేలా చేస్తే అది జైవ్. వెస్ట్ కోస్ట్ స్వింగ్ సంగతి వేరు. డీన్ కాలిన్స్ అనే డాన్సర్ 1930ల్లో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్లి సినిమాల్లో చేశాడు, అక్కడి స్టయిల్ నున్నగా, ఒక గీత మీద ముందుకీ వెనక్కీ వెళ్లేలా మారుతూ వచ్చింది. పాటలు కూడా బ్లూస్, ఆ తర్వాత పాప్ వైపు వెళ్లాయి. 1988లో కాలిఫోర్నియా దాన్ని రాష్ట్ర నృత్యంగా ప్రకటించింది. ఆ తీరంలోనే బాల్బోవా కూడా ఉంది. కాలు చాపే చోటు లేని కిక్కిరిసిన ఫ్లోర్ల మీద పుట్టింది కాబట్టి ఇద్దరూ ఛాతీ ఛాతీ ఆనించి పాదాలు మాత్రమే కదుపుతారు. ఫ్లోర్ ఇరుకైతే డాన్స్ చిన్నదైంది, పాట మారితే నడక మారింది. అక్కాచెల్లెళ్లు అనుకోండి, ఒకటే అనుకోకండి.

కొత్తఅడుగులు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. స్వింగ్ అవుట్ పోయిన వారమే మొదలైంది, ఏడు, ఎనిమిది దగ్గర నేను ఫాలోని తోసేస్తున్నానని ఇప్పుడు అర్థమైంది. మరి ఇంత పెద్ద డాన్స్ మధ్యలో ఎందుకు మాయమైంది? మా క్లాసులో రాక్ అండ్ రోల్ వచ్చి చంపేసిందని చెప్పారు.

హార్లెమ్‌రాత్రి:

రాక్ అండ్ రోల్ మీదికి నెట్టడం అన్యాయం. అది రాకముందే పరిస్థితి పాడైంది. యుద్ధానికి వాయించేవాళ్లూ పోయారు, ఆడేవాళ్లూ పోయారు, ఫ్రాంకీ కూడా సైన్యంలోకి వెళ్లాడు. 1942 నుంచి 1944 దాకా సంగీతకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది. 1944లో డాన్స్ ఉన్న క్లబ్బుల మీద 30 శాతం పన్ను వేశారు, తర్వాత 20కి తగ్గించినా క్లబ్బులవాళ్లు డాన్స్ తీసేసి కుర్చీలు వేసుకున్నారు. చిన్న బ్యాండ్లు, కూర్చుని వినే సంగీతం, బీబాప్ అనే కొత్త తరహా జాజ్ పెరగడానికి ఇదీ ఒక కారణం. 1943లో నగర అధికారులు సవోయ్‌ని కొన్ని నెలలు మూయించారు. సైనికుల ఆరోగ్యం అని కారణం చెప్పారు గానీ, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఆడటం గిట్టకే అని హార్లెమ్ జనం గట్టిగా నమ్మారు. నేనూ అదే నమ్ముతాను. 1958లో పూర్తిగా మూతపడింది, తర్వాత కూల్చేసి ఇళ్లు కట్టారు.

ఇంకో విషయం కూడా మనసులో పెట్టుకోండి. 1941 హెల్జాపాపిన్ సినిమాలో వైటీస్ లిండీ హాపర్స్ అనే సవోయ్ నల్లజాతి డాన్సర్ల ట్రూప్ చేసిన డాన్స్ చూడండి, నిమిషానికి 300 దాటిన బీట్లు, నా దృష్టిలో అంతకు మించిన లిండీ కెమెరాకి ఎక్కలేదు. ఫ్రాంకీ ఉన్నాడు, నార్మా మిల్లర్ ఉంది. ఒంటి మీద బట్టలు చూడండి. వంటవాడు, పనిమనిషి, మెకానిక్. దేశంలోనే గొప్ప డాన్సర్లకి హాలీవుడ్ ఇచ్చిన వేషాలు అవి. అదే డాన్స్ తెల్లవాళ్లు చేస్తే హీరో హీరోయిన్లు. అందుకే స్వింగ్ హాలీవుడ్‌లో పుట్టిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

పాతరికార్డులు:

హార్లెమ్‌రాత్రి చెప్పింది అక్షరాలా నిజం. తిరిగి ఎలా లేచిందో కూడా చెప్పేస్తాను. యుద్ధం తర్వాత ఫ్రాంకీ కొన్నాళ్లు సొంత ట్రూప్ నడిపి, 1955లో న్యూయార్క్‌లో పోస్టల్ ఉద్యోగంలో చేరాడు. అక్కడే 30 ఏళ్లు. మరోవైపు స్వీడన్ కుర్రాళ్లు పాత సినిమాలు చూసి చూసి అడుగులు ఏరుకుంటున్నారు, 1984లో అల్ మిన్స్ అనే పాత సవోయ్ డాన్సర్‌ని స్టాక్‌హోమ్ రప్పించుకుని నేర్చుకున్నారు. 1986లో కాలిఫోర్నియా నుంచి ఎరిన్ స్టీవెన్స్ అనే డాన్సర్ ఫోన్ చేసి డాన్సర్ ఫ్రాంకీ మానింగ్ మీరేనా అని అడిగితే, తను పోస్టాఫీసులో పని చేస్తున్నానని, డాన్స్ ఒకప్పుడని చెప్పాడు ఆయన. అప్పటికి 72 ఏళ్లు. ఆ ఫోన్ తర్వాత మళ్లీ నేర్పడం మొదలుపెట్టి, 2009లో పోయేదాకా ఆపలేదు. స్వీడన్‌లో హెరెంగ్ అనే చిన్న ఊళ్లో 1982లో మొదలైన క్యాంపుకి ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వెళ్తారు. నార్మా మిల్లర్ 2019లో 99వ ఏట పోయింది, ఆవిడ కూడా చివరిదాకా సవోయ్ కథ చెప్తూనే ఉంది. మే 26 ఫ్రాంకీ పుట్టినరోజు, దాన్నే ప్రపంచ లిండీ హాప్ దినంగా చేసుకుంటారు.

ఎనిమిదిలెక్క:

కొత్తఅడుగులు గారూ, ఫాలోని తోసెయ్యడం గురించి ఒక మాట. ఆరో లెక్క అయ్యాక మీ కుడిచెయ్యి ఏమీ చెయ్యక్కర్లేదు, తెరుచుకుంటే చాలు. ఆవిడకి అప్పటికే ఊపు ఉంది. నెమ్మదైన కౌంట్ బేసీ పాట ఒకటి పెట్టుకుని, రేపు క్లాసులో ఒక్క పాట మొత్తం స్వింగ్ అవుట్ తప్ప ఇంకేం వెయ్యకుండా ఆడి చూడండి, ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి.