వాయుగుండం దశలోనే తుఫాను తీవ్రతకు ఒకే అంకె చెప్పాలా?

గాలిమర:
వాయుగుండానికి ఇంకా సరైన సుడి కూడా ఏర్పడకముందే "మూడు రోజుల్లో గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి" అని ఒకే అంకె ప్రకటించడం నాకు నచ్చదు. తుఫాను ఎటు వెళ్తుందో చెప్పడం వేరు, ఎంత బలపడుతుందో చెప్పడం వేరు. దారిని నడిపించేవి చుట్టూ వేల కిలోమీటర్ల మేర వీచే పెద్ద గాలులు. వాటిని కంప్యూటర్ మోడళ్లు బాగానే పట్టుకుంటాయి. బలాన్ని తేల్చేవి మాత్రం కంటి గోడ (తుఫాను మధ్యలోని ప్రశాంతమైన కన్ను చుట్టూ ఉండే మేఘాల వలయం), దాని దగ్గర పుట్టి కొన్ని గంటల్లోనే కరిగిపోయే ఉరుము మేఘాలు. 2023 అక్టోబరులో మెక్సికో తీరాన్ని తాకిన ఓటిస్‌నే చూడండి. ముందురోజు అది మామూలు ఉష్ణమండల తుఫాను. అకపుల్కో దగ్గర తీరం దాటేసరికి ఐదో శ్రేణి, అంటే అన్నిటికంటే తీవ్రమైనది. అప్పుడు ముందుగా చెప్పిన అంకె ఎవరికి పనికొచ్చింది? కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత, ఉన్నట్టుండి బలపడే అవకాశం ఇంత శాతం అని చెప్పాలి.

లంగరు:
నేను ఓడరేవులో పనిచేస్తాను. క్రేన్లు కట్టేయాలా వద్దా, ఓడలను బయటి సముద్రానికి పంపాలా వద్దా అన్నదే మా ప్రశ్న. క్రేనును సగం కట్టడం కుదరదు. "80 నుంచి 200 వరకు ఎంతైనా ఉండొచ్చు" అంటే అది అంచనా కాదు, రేపు ఎవరూ నిలదీయకుండా చూసుకునే ఏర్పాటు. తప్పైనా సరే, ఒక అంకె ఇవ్వండి. ఆరు గంటలకోసారి సవరించండి.

సుడిగుండం:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీలు దాటాలి, ఆ వేడి లోతుగా కూడా ఉండాలి. లేకపోతే తుఫాను తానే అడుగు నుంచి చల్లనీటిని పైకి చిలికి, తన పొయ్యిని తానే ఆర్పుకుంటుంది. కింది గాలికీ పై గాలికీ వేగంలో, దిశలో పెద్ద తేడా ఉండకూడదు. మధ్య ఎత్తుల్లో పొడిగాలి చొరబడకూడదు. ఇవన్నీ కుదిరితే తెలిసేది పైకప్పు ఎత్తు మాత్రమే, అంటే తుఫాను గరిష్ఠంగా ఎంత బలపడగలదో. తుఫాను అక్కడిదాకా ఎక్కుతుందా అన్నది వేరే ప్రశ్న, ఎక్కేవి కొన్నే.

24 గంటల్లో గాలి వేగం గంటకు సుమారు 55 కి.మీ. పెరిగితే దాన్ని "వేగంగా బలపడటం" అంటారు. అట్లాంటిక్ రికార్డుల్లో ఇలాంటివి నూటికి ఐదు సందర్భాలు. అంటే ఎప్పుడూ "అలా బలపడదు" అని కళ్లు మూసుకుని చెప్పేవాడు కూడా నూటికి 95 సార్లు నెగ్గుతాడు! మిగిలిన ఐదింటిలోనే అసలు ప్రమాదం ఉంది. అందుకే 30 శాతం అవకాశం అంటే మామూలు కంటే ఆరు రెట్లు. వినేవాళ్లకు మాత్రం "జరగకపోవచ్చు" అనే వినిపిస్తుంది.

పాత బారోమీటర్:
రేపటి సంగతి తర్వాత, ఈ రోజు బలం ఎంతో తెలుసా? విమానాలు తుఫానులోకి వెళ్లి క్రమం తప్పకుండా కొలిచేది ప్రధానంగా అట్లాంటిక్‌లోనే. మిగతా సముద్రాల్లో చాలావరకు ఉపగ్రహ చిత్రంలో మేఘాల ఆకారం చూసి, డ్వోరాక్ పద్ధతిలో లెక్కకడతారు. సుడి చిన్నదై, పైన దట్టమైన మబ్బు కప్పితే దాని కేంద్రం ఎక్కడుందో చెప్పడమే కష్టం. మొదటి అంకె తప్పైతే మోడల్ ఎంత గొప్పదైనా ఆ తప్పునే ముందుకు మోస్తుంది.

కొత్త చిగురు:
కృత్రిమ మేధ వచ్చాక కూడా ఇదే గొడవా?

సుడిగుండం:
మొదట వచ్చిన కృత్రిమ మేధ మోడళ్లు దారి విషయంలో మెప్పించాయి, బలాన్ని తక్కువగా చూపాయి. కారణం సులువే. అవి నేర్చుకున్న ప్రపంచ వాతావరణ రికార్డు భూమిని గళ్లుగా విడగొడుతుంది, ఒక్కో గడి వెడల్పు దాదాపు 30 కి.మీ. 2005లో అట్లాంటిక్ తుఫాను విల్మా కన్ను ఒక దశలో నాలుగు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది. అంత జల్లెడలో అది ఎలా నిలుస్తుంది? గూగుల్ డీప్‌మైండ్ 2025లో తెచ్చిన మోడల్ పాత తుఫానుల రికార్డులనూ కలిపి నేర్చుకుంది. ఒక్కో తుఫానుకు 50 రకాల భవిష్యత్తులు గీస్తుంది. అదీ ఒక అంకె ఇవ్వడం లేదు, గమనించండి.

లంగరు:
50 బొమ్మలు నాకు పంపితే నేనేం చేసుకోను? వాటిలో చెడ్డదేదో చెప్పండి చాలు. మరో మాట. అందరూ గాలి అంకె మీదే కొట్టుకుంటున్నారు. 2005లో అమెరికాను తాకిన కత్రినా తుఫాను సముద్రంలో ఐదో శ్రేణిలో ఉండి, తీరానికి వచ్చేసరికి మూడుకు తగ్గింది. ఉప్పెన మాత్రం ఎనిమిది మీటర్లు దాటింది. "తగ్గింది" అన్న మాట విని ఊపిరి పీల్చుకున్నవాళ్ల మాటేమిటి?

గాలిమర:
ఉప్పెన సంగతి ఒప్పుకుంటున్నాను, దానికి విడిగా హెచ్చరిక ఉండాలి. మీ కోసం రెండు అంకెలకు దిగివస్తాను. ఎక్కువగా జరగగలిగేది ఒకటి, సిద్ధపడాల్సిన చెడ్డది ఒకటి.

లంగరు:
ఆ చెడ్డ అంకె ప్రతిసారీ 200 అయితే, మూడోసారికి మావాళ్లు క్రేన్లు కట్టరు. దాన్ని ఎప్పుడు తగ్గిస్తారు?

గాలిమర:
గాలుల తేడాకు మేఘాలు ఒకపక్కకు ఒరిగిపోతే తగ్గించవచ్చు. పై మబ్బుల కింద ఏముందో చూపే ఉపగ్రహ మైక్రోవేవ్ చిత్రంలో సుడి చుట్టూ వలయం మూసుకుంటే పెంచాలి. కానీ ఓటిస్ లాంటిది వస్తే, పెంచిన అంకె మీకు చేరేసరికి కట్టేందుకు సమయం మిగలకపోవచ్చు. మొదటి రోజే శాతం ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

లంగరు:
సరే, పంపండి. ఎంత శాతం దాటితే కట్టాలో ఆ గీత కూడా మీరే గీయండి. అది మా మీదకు నెడితే మళ్లీ మొదటికే వచ్చాం.