టోర్నడోలో ఇంటి పైకప్పు పోయింది, ఇన్సూరెన్స్ చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉంది. ఏం చెయ్యాలి?

దివిసీమ_అమ్మాయి · నవంబరు 27, 2013

అందరికీ నమస్తే. మేముండేది ఇల్లినాయ్‌లో పియోరియా పక్కన వాషింగ్టన్ అనే చిన్న ఊరు. (వాషింగ్టన్ అనగానే మా అమ్మ ఒబామా ఇంటి మీద పడిందనుకుంది. ఆ వాషింగ్టన్ కాదు.) 17వ తేదీ ఆదివారం పొద్దున 11 దాటాక వచ్చిన టోర్నడోకి మా ఊళ్ళో వెయ్యికి పైగా ఇళ్ళు కూలడమో దెబ్బతినడమో జరిగింది, వాటిలో మాది ఒకటి. సైరన్ మోగితే నేను దోశల పెనం కింద స్టవ్ కట్టేసి బాబుని ఎత్తుకుని బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాను, మావారు వెనకాలే వచ్చారు, చెవులు దిబ్బడేశాయి, ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా పట్టలేదేమో. పైకి వచ్చి చూస్తే మేడ మీద గదులకు పైకప్పు లేదు, ఆకాశం కనిపిస్తోంది. మాకెవరికీ దెబ్బలు తగల్లేదు, అది ముందే చెప్పేస్తున్నాను. మా వెనక వీధిలో ఇళ్ళు పునాది దాకా పోయాయి, అది చూశాక మా గురించి ఏడవడానికి కూడా సిగ్గేసింది.

ఇప్పుడు హోటల్లో ఉన్నాం. ఇన్సూరెన్స్ అడ్జస్టర్ (నష్టం లెక్కకట్టేవాడు) వచ్చి చూసి మొదటి చెక్కు పంపాడు. దాని మీద మా పేర్లతో పాటు ఇంటి లోన్ ఇచ్చిన కంపెనీ పేరు కూడా ఉంది. ఇదేంటి, మా డబ్బు వాళ్ళు తీసుకుంటారా? రెండోది, రోజూ ఎవరో ఒకరు ట్రక్కు వేసుకొచ్చి, ఇక్కడ సంతకం పెట్టండి మీ రూఫ్ మేం వేస్తాం, ఇన్సూరెన్స్‌తో మేమే మాట్లాడుకుంటాం అంటున్నారు. మావారిది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, నాది దాని మీద వచ్చే హెచ్‌4. పాస్‌పోర్టులు, ఐ-797లు (వీసా అప్రూవల్ కాగితాలు) పెట్టుకున్న ఫైలు మేడ మీద అల్మారాలో ఉండేది. ఇప్పుడు ఆ అల్మారానే లేదు. ఫెమా సాయం (విపత్తులప్పుడు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చేది) నిన్ననే మంజూరైందని టీవీలో చెప్పారు, మనలాంటి వాళ్ళకి ఇస్తారా? మావారు ఆఫీసుకి వెళ్ళక తప్పదు, ఈ ఫోన్లన్నీ చేసేది నేనే, సగం మాటలు అర్థం కావడం లేదు.

ఇంకో మాట. శుక్రవారం హెలెన్ తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది కదా, అమ్మావాళ్ళది మోపిదేవి వైపు. ఆదివారం అమ్మ నా కోసం ఏడ్చింది, శుక్రవారం నేను అమ్మ కోసం. ఒక్క వారంలోనే రెండూ.

---

ఓక్లహోమా_బాబాయ్

అమ్మా, ముందు అందరూ క్షేమం, అది చాలు. మేం ఓక్లహోమాలో మూర్ అనే ఊళ్ళో ఉంటాం. మే 20న వచ్చిన టోర్నడోలో మా ఇల్లు పోయింది, ఆరు నెలలైంది, క్లెయిమ్ ఇంకా పూర్తిగా తేలలేదు. అది ఈఎఫ్5, టోర్నడోల కొలతలో అన్నిటికంటే పైది, 24 మంది పోయారు, అందులో ఏడుగురు ఒకే బడిలో పిల్లలు. ఆ సంగతి ఇక్కడ వద్దులే. నీకు పనికొచ్చేది చెప్తాను.

చెక్కు మీద లోన్ కంపెనీ పేరుండటం మామూలే, భయపడకు. ఇంటి మీద వాళ్ళకీ హక్కుంది కాబట్టి గోడలకీ కప్పుకీ వచ్చే చెక్కు మీద వాళ్ళ పేరు వేస్తారు. వాళ్ళకి ఫోన్ చేసి లాస్ డ్రాఫ్ట్ డిపార్ట్‌మెంట్ (ఇన్సూరెన్స్ చెక్కులు చూసే విభాగం) కావాలని అడుగు, ఆ పేరు గుర్తుపెట్టుకో, లేకపోతే నలుగురికి తిప్పుతారు. సాధారణంగా ఆ డబ్బు వాళ్ళ దగ్గరే పెట్టుకుని, పని మొదలయ్యాక కొంత, సగమయ్యాక కొంత, మనిషిని పంపి చూసుకున్నాక మిగతాది ఇస్తారు. అదే సామాన్లకి వచ్చే చెక్కు, హోటల్ ఖర్చులకి వచ్చే చెక్కు మీ పేరు మీదే రావాలి. అన్నీ కలిపి ఒకే చెక్కు పంపి ఉంటే విడగొట్టి పంపమని అడ్జస్టర్‌ని అడుగు, నేను ఆ పని చెయ్యక రెండు నెలలు పోగొట్టుకున్నాను.

హోటల్ సంగతి: పాలసీలో అడిషనల్ లివింగ్ ఎక్స్‌పెన్సెస్ అని ఉంటుంది. అద్దె, హోటల్, మామూలుగా ఇంట్లో అయ్యేదానికంటే తిండికి ఎక్కువైన ఖర్చు, బట్టలు ఉతికించుకోవడం కూడా అందులోకే వస్తాయి. రసీదులు ఒక్కటి కూడా పారెయ్యకు. మా ఆవిడ చెప్పుల పెట్టెలో వేసింది, ఆ పెట్టే మమ్మల్ని కాపాడింది.

ఇక రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది కొనే ధర ఇచ్చే) పాలసీ అంటారు కానీ మొత్తం ముందే ఇవ్వరు. వస్తువు పాతబడిన మేరకు తగ్గించి ఇస్తారు, కొత్తది కొని బిల్లు చూపిస్తే ఆ తగ్గించినది తర్వాత ఇస్తారు. మొదటి చెక్కు చూసి ఇంతేనా అని గుండె జారుతుంది, మాకూ జారింది. సామాన్ల జాబితా గది గదికీ రాయి, డ్రాయర్ డ్రాయర్‌కీ రాయి. గరిటెలు, ప్రెషర్ కుక్కర్లు, పట్టుచీరలు అన్నీ. అడ్జస్టర్‌కి కంచిపట్టు చీర ధర తెలీదు, అతను చీర అంటే ఇరవై డాలర్ల గుడ్డ అనుకున్నాడు. ఫోటోల్లో నువ్వు కట్టుకున్నవి ఉంటే వెతికి పెట్టు, పుట్టినరోజు ఫోటోల్లో వెనకాల సోఫా, టీవీ, బల్లలు కూడా కనిపిస్తాయి.

ట్రక్కులో వచ్చేవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టొద్దు. నేను పెట్టాను. "ఇన్సూరెన్స్ ఎంతిస్తే అంతకి మొత్తం పని మాదే" అని చిన్న అక్షరాల్లో ఉంది, చదవలేదు. అడ్వాన్స్ తీసుకుని పోయినవాడు మళ్ళీ కనపడలేదు. మీ రాష్ట్రంలో రూఫింగ్ చేసేవాడికి స్టేట్ లైసెన్స్ ఉండాలి, నంబరు అడిగి ఆన్‌లైన్‌లో చూసుకో. ఇప్పటికి కప్పు మీద టార్పాలిన్ వేయించు, దాని రసీదు కూడా ఇన్సూరెన్స్ ఇస్తుంది, వెయ్యకుండా వదిలేసి లోపల తడిస్తే మాత్రం నీదే తప్పంటారు. పైపుల్లోకి నీళ్ళు రాకుండా ఆపించావా? చలి మొదలైంది, గడ్డకట్టి పగిలితే ఇంకో గొడవ.

---

స్లాబ్_ఇల్లు

అందుకే నేను ఎప్పుడూ అంటాను, అమెరికాలో అట్టపెట్టెల ఇళ్ళు కట్టుకుంటారు. మన ఊళ్ళో ఇటుక గోడలు, స్లాబు. ఏ గాలీ ఏం చెయ్యలేదు.

---

మబ్బుల_పిచ్చి

పైన స్లాబ్ గారూ, మన స్లాబు బరువు వల్ల లేవడం కష్టమే, ఆ మాట నిజం. కానీ చెక్క ఇల్లు లేచిపోవడానికి సగం కారణం చెక్క కాదు, కప్పుని గోడకీ గోడని పునాదికీ బిగించే మేకులూ బోల్టులూ. ఎక్కడ బిగింపు తక్కువైతే అక్కడ ఊడుతుంది. మన దగ్గర సిమెంటు పట్టీలు లేని ఇటుక గోడ, పైన రేకులు ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు? 2009 మార్చి 31న ఒడిశాలో రాజ్‌కనికలో టోర్నడోనే వచ్చింది, కేంద్రాపడా జిల్లా. మనకి రావనుకోవద్దు.

వాషింగ్టన్ది ఈఎఫ్4, గాలి గంటకి 190 మైళ్ళని అంచనా వేశారు, 46 మైళ్ళు నేల మీద నడిచింది. నవంబరులో ఎందుకంటే, గల్ఫ్ నుంచి వేసవిలాంటి తేమ గాలి ఇల్లినాయ్ దాకా ఎక్కింది, పైన జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి) బలంగా ఉంది, చలికాలంలో ఉండేలా. మేలో తేమ ఎక్కువ, పై గాలి తక్కువ. జనవరిలో అది తిరగబడుతుంది. ఆదివారం రెండూ ఒకేసారి దొరికాయి. మబ్బులు గంటకి 60 మైళ్ళ వేగంతో పరిగెత్తాయి, అందుకే కిటికీలోంచి చూసి దిగుదాం అనుకున్నవాళ్ళకి టైమ్ లేదు. ఆ ఉదయమే స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ హై రిస్క్ అని ప్రకటించింది, షికాగోలో బేర్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆపి జనాన్ని స్టాండ్ల కిందికి పంపారు. ఇంత పడినా ఇల్లినాయ్‌లో ఆ రోజు పోయినవాళ్ళు ఆరుగురు. హెచ్చరిక పనిచేసింది. ఆదివారం కావడంతో చాలామంది చర్చిలో ఉన్నారు, అది అదృష్టం.

---

కాగితాల_పులి

దివిసీమ గారూ, కాగితాల విషయం. నేను లాయర్ని కాదు, ఇలాంటివి చాలాసార్లు చేసినవాణ్ణి, అంతే.

ఐ-797 కాపీలు మీవారి కంపెనీ లాయర్ దగ్గర కచ్చితంగా ఉంటాయి, ఈ రోజే మెయిల్ పెట్టండి. పొడిగింపు అమెరికాలోనే అయి ఉంటే ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ఆ కాగితం కిందే ఉంటుంది. పాత తెల్ల ఐ-94 కార్డు పోతే ఐ-102 ఫారం వెయ్యాలి. పాస్‌పోర్టులకి పోలీసు రిపోర్టు తీసుకుని షికాగో కాన్సులేట్ పరిధిలో అప్లై చెయ్యాలి. పాస్‌పోర్టుతో పాటు వీసా స్టాంపింగ్ పోయినా మీరు ఇక్కడుండటానికి ఇబ్బంది లేదు, ఇండియా వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ వేయించుకోవాలి. కాబట్టి అమ్మని చూడటానికి తొందరపడి టికెట్ కొనకండి. హోటల్ వదిలి అద్దె ఇంట్లోకి మారితే పది రోజుల్లోపు ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) ఆన్‌లైన్‌లో వెయ్యండి, ఇది అందరూ మర్చిపోతారు.

ఫెమా: హెచ్‌1బీ, హెచ్‌4 వాళ్ళకి నగదు సాయం రాదు. గ్రీన్‌కార్డు ఉంటే వస్తుంది. కానీ మీ బాబు ఇక్కడే పుట్టాడా? పుట్టి ఉంటే అతని పేరు మీద, అతని సోషల్ సెక్యూరిటీ నంబరుతో మీరు అప్లై చెయ్యొచ్చు. మీ వీసా స్టేటస్ అడ్డు కాదు. ఇది చాలామంది తెలుగువాళ్ళకి తెలియక వదిలేస్తున్నారు. అయితే మరీ ఆశ పెట్టుకోకండి, ఇన్సూరెన్స్ ఇచ్చినదానికి ఫెమా మళ్ళీ ఇవ్వదు. ఈ ఏడాది (2013) గరిష్ఠం 32,400 డాలర్లు, అందరికీ అంత రాదు. షెల్టర్, దుప్పట్లు, కౌన్సెలింగ్ లాంటివాటికి స్టేటస్ ఎవరూ అడగరు, రెడ్‌క్రాస్ వాళ్ళ దగ్గరికి మొహమాటపడకుండా వెళ్ళండి.

కారు దెబ్బతిందా? కారు ఇన్సూరెన్స్‌లో కాంప్రిహెన్సివ్ (ఇలా మన కారుకి అయిన నష్టం ఇచ్చేది) ఉంటేనే వస్తుంది, లయబిలిటీ (అవతలివాళ్ళ నష్టం ఇచ్చేది) ఒక్కటే ఉంటే రాదు. ఇన్సూరెన్స్ ఇవ్వని నష్టం ఏదైనా మిగిలితే టాక్స్‌లో చూపించొచ్చు, డిజాస్టర్ ప్రకటించారు కాబట్టి 2012 రిటర్న్ సవరించి కూడా అడగొచ్చు. అది మార్చిలో చూసుకోండి, ఇప్పుడు బుర్ర మీద ఇంకో బరువు వద్దు.

---

అవనిగడ్డ_రైతు_కొడుకు

అక్కా, మాది అవనిగడ్డే. మోపిదేవి వైపు మనుషులకి ఏం కాలేదు, నిన్న మా మామయ్య అటు వెళ్ళొచ్చాడు. కరెంటు స్తంభాలు పడ్డాయి, అరటి తోటలు నేలకి వాలిపోయాయి. వరి కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుకుంది, వెన్ను మొలకెత్తుతుందేమోనని నాన్న రోజూ పొలం గట్టు మీదే కూర్చుంటున్నాడు. పంట నష్టం రాసుకోడానికి వస్తామన్నారు, కానీ ఈ ఏడాది (2013) రూల్ ప్రకారం సగానికి పైగా పోయిందని రాస్తేనే ఇన్‌పుట్ సబ్సిడీ. నలభై శాతం పోయినవాడు ఏమైపోవాలి? మీకు అడ్జస్టర్, మాకు వీఆర్వో, తేడా ఏముంది. ఇవాళ లెహర్ అని ఇంకోటి వస్తోందంటున్నారు, బలహీనపడుతోందని రేడియోలో చెప్పారు, చూడాలి.

ఒక్కటి మాత్రం ఆలోచించాను. తుఫాను అంటే మూడు రోజుల ముందే పేరు పెట్టి చెప్తారు, మేం బియ్యం పైన పెట్టుకుంటాం, గేదెల్ని విప్పేస్తాం. మీకు పెనం కట్టేసే టైమే దొరికింది.

---

బ్లూమింగ్టన్_నుంచి

నేను మీకు గంట దూరంలో ఉన్నాను. ఎగిరిపోయిన కాగితాల గురించి: వాషింగ్టన్ నుంచి ఎగిరిన ఫోటోలు, చెక్కులు షికాగో వైపు చాలా దూరంలో జనం పెరళ్ళలో దొరుకుతున్నాయి. దొరికినవాళ్ళు ఫేస్‌బుక్‌లో ఫోటో తీసి పెడుతున్నారు, రోజూ చూడండి. పాస్‌పోర్టు దొరికినా రిపోర్టు ఇచ్చేశాక అది చెల్లదు. కాబట్టి నాలుగు రోజులు వెతికి అప్పుడు రిపోర్టు ఇవ్వండి, తొందరపడి ఇచ్చేశాక దొరికితే బాధ.

---

కాగితాల_పులి

ఈ మాట నేను ఒప్పుకోను. పది రోజులు అయిపోయాయి. పాస్‌పోర్టు ఎవరి చేతుల్లో పడిందో తెలీదు, ఆ వివరాలతో ఏం చేస్తారో తెలీదు. రిపోర్టు వెంటనే ఇవ్వాలి. ఫోటోల కోసం వెతుక్కోండి, పాస్‌పోర్టు కోసం కాదు.

---

దివిసీమ_అమ్మాయి · నవంబరు 30

అందరికీ చాలా థాంక్స్, ఒక్కొక్కరికీ విడిగా రాయలేకపోతున్నాను. లాస్ డ్రాఫ్ట్ అన్న మాట చెప్పగానే ఫోన్ సరైన మనిషికి కలిపారు బాబాయ్ గారూ, మూడు రోజులుగా దొరకని మనిషి. చెక్కు విడగొట్టి పంపుతామన్నారు. చీరల జాబితా రాస్తుంటే నలభై ఏడు తేలాయి, మావారు ఇన్ని ఎప్పుడు కొన్నావని అడిగారు, ఇప్పుడా అడిగేది! లాయర్ ఐ-797లు పంపాడు. పాస్‌పోర్టుల రిపోర్టు నిన్న ఇచ్చేశాం. బాబు పేరు మీద ఫెమాకి ఫోన్ చేశాను, నంబరు ఇచ్చారు, మనిషి వచ్చి చూస్తాడట. లెహర్ బలహీనపడి వెళ్ళిపోయింది, అమ్మ ఫోన్లో ఊపిరి పీల్చుకుంది.

బాబు మాత్రం హోటల్ హీటర్ గాలి చప్పుడుకి లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంటున్నాడు. వాడికి మూడేళ్ళు. హీటర్ ఆపితే చలి, ఆపకపోతే ఇది. రెండు దుప్పట్లు కప్పి ఆపేస్తున్నాం. వాడి చలి కోటు ఇంట్లోనే పోయింది, దుకాణాల్లో వాడి సైజు అయిపోయింది. ఎవరి దగ్గరైనా 3టీ సైజు పాతది ఉందా?

---

బ్లూమింగ్టన్_నుంచి

మా వాడిది ఉంది, నీలం రంగు, జిప్పు కొంచెం గట్టిగా లాగాలి. బూట్లు కూడా తెస్తాను. రేపు మధ్యాహ్నం ఇంట్లో వండిన పప్పు, అన్నం కూడా పట్టుకొస్తున్నాను, హోటల్ పేరు మెసేజ్ చెయ్యండి.