అప్‌డేట్: ఎనిమిదేళ్ల పాపకి ఏ రామాయణం కొనాలి? (తేలింది)

మా పాప తనంతట తాను చదువుకోడానికి ఏ రామాయణం కొనాలని వేసవిలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది మాత్రం ఒక్కటే: "కొనేముందు పాపతో ఒక పేజీ పైకి చదివించండి." అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లినప్పుడు పుస్తకాల షాపులో అలాగే చేశాం. రంగుల బొమ్మల పుస్తకం రెండు నిమిషాల్లో అయిపోయింది. లావుపాటి వచనానువాదంలో మూడో వాక్యానికే సమాసాలు అడ్డం పడ్డాయి. వాడుక భాషలో, పెద్దక్షరాల్లో ఉన్న సంక్షిప్త వచనం తీసుకున్నాం. అనువాదం కూడా కొన్నాను, నాకోసం.

యుద్ధకాండ చూసి భయపడుతుందేమోనని నేను పడిన టెన్షన్ అంతా దండగ. రావులపాలెం వంతెన దాటేలోపే లంక సగం తగలబెట్టేసింది. అసలు పేచీ లక్ష్మణరేఖ దగ్గర వచ్చింది. నాయనమ్మ చెప్పిన గీత పుస్తకంలో లేదని ఒకటే గొడవ. అనువాదం తీసి చూశాను, వాల్మీకిలో ఆ గీతే లేదు. ఉడత కథా లేదు. రెండూ తర్వాతి రామాయణాల్లో వచ్చినవే. ఇది విని మా అత్తయ్యగారు రెండ్రోజులు ముభావంగా ఉన్నారు.

ఇప్పుడు పగలు పుస్తకం రామాయణం, రాత్రి నాయనమ్మ రామాయణం. గీత రాత్రిపూట మాత్రమే ఉంటుందట.