ఏడాదికి 150 రోజుల పనేనా? 13వ శతాబ్దపు ఇంగ్లండ్ రైతు లెక్క

పండగపూట:
‘మధ్యయుగపు రైతు ఏడాదికి 150 రోజులే పనిచేశాడు, మనకన్నా సుఖపడ్డాడు’ అన్న పోస్టు మళ్లీ తిరుగుతోంది. అంకె అటూ ఇటూ కావచ్చు గానీ మాటలో నిజముందనే నా వాదన. 52 ఆదివారాలు కాక, మేత్రాసనాన్ని (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని) బట్టి మరో నలభై యాభై పండగలుండేవి. దొరపొలంలో చేయాల్సింది వారానికి రెండు మూడు రోజులే. 13వ శతాబ్దంలో వ్యవసాయం మీద రాసిన వాల్టర్ ఆఫ్ హెన్లీ కూడా 52 వారాల్లో పండగలకీ ఇతర ఆటంకాలకీ 8 వారాలు తీసేశాడు. ఈ రోజుల్లో ఎనిమిది వారాల సెలవు ఎవరిస్తారండీ?

గింజలలెక్క:
మీ సాక్షి మీకే ఎదురు తిరిగాడు. 52లో 8 పోతే 44 వారాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 264 రోజులు. అదీ నాగలికి వేసిన లెక్క. ఎద్దులకు మేత వేయడం, పాలు పితకడం, పందుల్ని తోలడం పండగనాడు కూడా తప్పవు.

150 అన్న అంకె 1980లలో గ్రెగరీ క్లార్క్ అనే ఆర్థిక చరిత్రకారుడు వేసిన తొలి అంచనా. అది ఒక ప్రసిద్ధ పుస్తకంలోకి ఎక్కి, అక్కణ్నుంచి ఊరంతా పాకింది. తర్వాత ఆయనే దాన్ని 300కు దగ్గరగా సవరించుకున్నాడు. సవరణను మాత్రం ఎవరూ షేర్ చేయరు.

ఇక వారానికి రెండు మూడు రోజుల సంగతి. అది దొరకు చెల్లించే శిస్తు, రైతు చేసే మొత్తం పని కాదు. ఇంటి అద్దె కోసం పది రోజులు పనిచేసినవాణ్ని ‘నెలకు పది రోజులే పని’ అంటామా?

పాతదస్త్రం:
ఇద్దరూ ‘రోజు’ అన్న మాటను తేలిగ్గా వాడేస్తున్నారు. మేనరు (దొర ఎస్టేటు) పట్టీల్లో ఒక ‘పని’ అంటే చాలాచోట్ల మధ్యాహ్నం వరకే. సాయంత్రం దాకా ఉంటే రెండు పనుల కింద జమ. నూర్పిడి అయితే అసలు రోజుతో సంబంధమే లేదు, ఇన్ని బుషెళ్లు (గింజల కొలత) దులిపితే ఒక పని. పైగా ఆ బాకీ మనిషిది కాదు, కమతానిది. కొడుకును పంపొచ్చు, కూలివాణ్ని పెట్టొచ్చు. దొరకు అక్కర్లేని పనుల్ని పెన్నీలకు ‘అమ్మేసి’నట్టు లెక్కల్లో రాసేవారు.

పనిరోజున పండగ పడితే నష్టం ఎవరిదన్నది కూడా మేనరును బట్టే. కొన్నిచోట్ల ఒక పండగ దొర ఖాతాలో, తర్వాతిది రైతు ఖాతాలో. కోతల్లో అదనంగా పిలిచే రోజులు వేరు. అప్పుడు దొరే తిండి పెట్టాలి. ఏల్ అనే బార్లీ బీరు పోస్తే ‘తడి’ పిలుపు, పోయకపోతే ‘పొడి’ పిలుపు.

తిరగలి:
దీన్ని మన తెలంగాణ వెట్టితో పోల్చవచ్చా?

పాతదస్త్రం:
పైపైన పోలుతుంది, లోపల తేడా ఉంది. ఎన్ని పనులు, ఏ పని, తిండి ఎవరు పెట్టాలి అన్నది అక్కడ ఆనవాయితీగా రాసిపెట్టి ఉండేది, కాబట్టి రైతులు మేనరు కోర్టులో దాని మీద పోట్లాడగలిగారు. అలాగని స్వేచ్ఛ ఉందనుకోకండి. విలన్ అంటే దొరకు కట్టుబడిన రైతు (సినిమా విలన్ పుట్టింది ఈ మాట నుంచే). అతను కూతురికి పెళ్లి చేస్తే దొరకు రుసుము కట్టాలి, చనిపోతే మంచి పశువును ఇచ్చుకోవాలి, పిండి దొర మిల్లులోనే పట్టించాలి. 1331లో సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి రిచర్డ్ ఊరివాళ్ల తిరగళ్లు లాక్కుని మఠంలో నేలకు పరిపించాడు. 1381 రైతుల తిరుగుబాటులో జనం వెళ్లి ఆ నేలను పగలగొట్టారు.

పండగపూట:
సరే, దొర పని పక్కన పెడదాం. సగం విర్గేట్ (అప్పటి భూమి కొలత) ఉన్న రైతునే తీసుకోండి, అంటే పదిహేను ఎకరాలు. మూడు పొలాల పద్ధతిలో ఐదు పడావు. మిగిలిన పదెకరాలకు ఏడాదంతా పనెక్కడిది?

గింజలలెక్క:
ఇది అడగాల్సిన ప్రశ్న. పడావు భూమిని కనీసం రెండుసార్లు దున్నాలి, లేకపోతే కలుపు చావదు. గోధుమ విత్తేముందు మరోసారి, బార్లీకి వసంతంలో ఒకసారి. రోజుకు ఎకరమనుకున్నా ఇరవై అరక రోజులు, ఒక్కో రోజుకు ఇద్దరు మనుషులు. బరువు నేలల్లో నాగలికి ఎనిమిది ఎద్దులు కట్టాలి. సగం విర్గేట్ వాడికి ఉండేవి ఒకటో రెండో, కాబట్టి పొత్తు అరక. అంటే మిగతావాళ్ల పొలాల్లోనూ తిరగాలి. వానలో అరక ఆగితే అందరి వంతూ వెనక్కి పోతుంది. చివరి వంతువాడి విత్తనం ఆలస్యమవుతుంది. కోతకు ఐదుగురు కలిసి రోజుకు రెండెకరాలు కోసి కట్టలు కట్టగలరన్నది అప్పటి వ్యవసాయ రచనల లెక్క. పదెకరాలకు 25 మనిషిరోజులు.

మీరన్నట్టు ఇవన్నీ కలిపినా ఏడాది నిండదు. అయినా తీరిక ఎందుకు లేదో గింజలు చెబుతాయి. ఐదెకరాల గోధుమకు 12 బుషెళ్ల విత్తనం, పంట ఎకరానికి 9 చొప్పున 45. మొత్తం మీద పదో వంతు చర్చికి, అంటే నాలుగున్నర. విత్తనం తీసిపెట్టాక మిగిలేది ఇరవై ఎనిమిదిన్నర. బార్లీ ఐదెకరాలకు 20 విత్తితే 75 వస్తుంది, ఇలాగే తీసేస్తే నలభై ఏడున్నర. మిల్లు వాటా ఇంకా పోలేదు, కౌలు డబ్బుకు అమ్మాల్సిందీ ఇందులోదే. ఐదుగురి ఇంటికి మంచి ఏడాదిలో గడుస్తుంది. గోధుమ 45 బదులు 30 పండితే? విత్తనం తగ్గదు. 30లో 3, 12 పోగా 15. పంట మూడో వంతు తగ్గితే తిండి దాదాపు సగానికి పడిపోతుంది. 1315 నుంచి వరసగా కురిసిన వానల్లో జరిగిందిదే. ఆ భయంతోనే కూలికి పోతారు. కూలివాడికి పండగంటే ఆ పూట కూలి లేనట్టే.

తిరగలి:
ఈ లెక్కలన్నిట్లో మగవాడే కనిపిస్తున్నాడు. ఏల్‌లో హాప్స్ (బీరు నిల్వ ఉండేందుకు వేసే పూలు) వేయరు కాబట్టి కొద్ది రోజుల్లో పులిసిపోతుంది, మళ్లీ మళ్లీ కాయాలి. అది ఎక్కువగా ఆడవాళ్ల పని. కోర్టు పట్టీల్లో జరిమానా కట్టిన ఏల్ కాచేవాళ్లలోనూ ఎందరో వాళ్లే. నూలు వడకడం, కలుపు, పరిగె ఏరడం సరేసరి. వీటిని ఏ పట్టీ ‘రోజు’గా రాయలేదు.

పండగపూట:
1250కి నా మాట వెనక్కి తీసుకుంటున్నా. 1349 తర్వాత మాత్రం ఒప్పుకోను. ప్లేగు తర్వాత కూలి పెరిగింది, కావాలన్న రోజున మానేసే వీలూ వచ్చింది.

గింజలలెక్క:
అక్కడ మీతో నేనూ ఉన్నా. 1351 శాసనం నాగలివాళ్లను రోజుకూలికి కాక ఏడాది జీతానికే పెట్టుకోవాలంది, ఆగస్టు మొదటి వారం కోతకు రోజుకు రెండు పెన్నీలు మించకూడదంది. అందరూ ఏడాది జీతానికి కుదురుతుంటే ఆ శాసనం అవసరమే లేదు. కాబట్టి మీ తక్కువ రోజుల మనిషిని 15వ శతాబ్దపు రోజుకూలీల్లో వెతకండి. పదిహేనెకరాల వాడిలో మాత్రం దొరకడు. వాడి ఎద్దుకు అప్పుడూ మేత కావాలి.