సమస్యాపూరణం: పెరుగుచున్న వరద తరుగుచుండె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ‘పెరుగు’, ‘తరుగు’ అన్న చోట్ల ప్రాసయతి చెల్లింది. పెరిగేదీ తరిగేదీ ఒకటే అయితే అర్థం పొసగదు కనుక, ఒక ప్రమేయపు (కాలం వంటి మరొకదాన్ని బట్టి మారే రాశి) అవకలజం, అంటే ఆ రాశి మారే రేటు, ఒక సంగతి చెబితే ఆ అవకలజానికి మళ్లీ తీసిన అవకలజం వేరొక సంగతి చెబుతుందన్న విషయం మీదనే పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ధవళేశ్వరం సభ్యురాలు:

నీటి మట్ట మెదుగు నిముసమ్ము నిముసమ్ము
అవకలజపు మార్పె యరయ ఋణము
నిన్నకన్న నేడు నెమ్మదౌ వడియందు
పెరుగుచున్న వరద తరుగుచుండె

నిర్వాహకుడు: పూరణ మనసుకు హత్తుకున్నది. ‘వడియందు’ అన్న ఒక్క మాటతో తరుగుదల నీటిని వదిలి నీరు లేచే వేగానికి చేరింది. మొదటి అవకలజం ధనం, రెండవది ఋణం అన్న స్థితికి ఇంతకంటే సూటి మాట దొరకదు. అయితే ‘నెమ్మది + ఔ’ అన్నచోట ఇకారానికి సంధి రాదు, యడాగమం రావాలి. ‘నెమ్మది వడియందు’ అంటే రగణం స్థానంలో భగణం వచ్చి దోషం తొలగుతుంది.

కోటిపల్లి సభ్యుడు:

రేటు మార్పు సున్న రేగిన నీరంత
మిట్టకెక్కి యింక మెట్లు దిగును
కోటిపల్లి రేవు కొలతలో నిప్పుడే
పెరుగుచున్న వరద తరుగుచుండె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉన్నది, రేవు మెట్లు కళ్లకు కట్టాయి. గణితమే తప్పింది. ఊహకు ఒక లెక్క కట్టుకుందాం. ‘ర’ రోజుల తరువాత ధవళేశ్వరం బ్యారేజీ వద్ద మట్టం 8 + (6ర² − ర³)/4 అడుగులు అనుకుంటే, తొలినాడు (ర = 0) మొదలు నాలుగో రోజు (ర = 4) వరకు వరుసగా 8, 9.25, 12, 14.75, 16 అడుగులు వస్తాయి. లేచే రేటు (12ర − 3ర²)/4, ఆ రేటు మారే తీరు (12 − 6ర)/4. ఈ రెండవది సున్న అయ్యేది రెండో రోజున. అప్పటికి నీరు 11.75 అడుగుల మొదటి ప్రమాద హెచ్చరికను దాటి, రోజుకు 3 అడుగుల చొప్పున, అంటే ఈ వరద మొత్తంలోకెల్లా అధిక వేగంతో లేస్తున్నది. ఆ క్షణాన మెట్లు దిగుతుందని చెబితే లంకల్లోని వారు మూటలు విప్పుకుంటారు, మూడో రోజు రాకముందే 13.75 అడుగుల రెండో హెచ్చరిక ఎగురవేయవలసి వస్తుంది. మిట్ట నాలుగో రోజున, రేటు తానే సున్న అయినప్పుడు వస్తుంది. కనుక ‘మార్పు’ తీసివేసి ‘రేటు తానె సున్న’ అనండి. గణం చెడదు, లెక్క కుదురుతుంది.

కోటిపల్లి సభ్యుడు: గురువుగారికి నమస్కారం. వంపు మారే బిందువును శిఖరమని పొరబడ్డాను. సవరణ శిరోధార్యం.

ధవళేశ్వరం సభ్యురాలు: రేటు సున్న అయితే చాలునా అండీ? తొలినాడు 8 అడుగుల వద్ద కూడా రేటు సున్నయే కదా.

నిర్వాహకుడు: అడగవలసిన ప్రశ్న అడిగారమ్మా. తొలినాడు రెండవ అవకలజం +3, కనుక అది పల్లం. నాలుగో రోజున −3, కనుక అది మిట్ట. రేటు సున్న అయిన చోట రెండవ అవకలజపు గుర్తు చూడకుండా పద్యంలో ‘మిట్ట’ అన్న మాట వేయకూడదు. ఈ లెక్కలో మూడవ అవకలజం ఎప్పుడూ −1.5 గానే నిలుస్తుంది. అంతవరకూ వెళ్లగలవారికి వచ్చే వారం సమస్య ఇది:

తరుగునట్టి తరుగు పెరుగుచుండె