గట్టు మీద ఊదా పూల లాంటానా వేయొచ్చా?

ఎర్రమట్టి:
అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర పల్లె. ఇంటి ముందు రోడ్డుకు దిగే గట్టు 30 అడుగుల పొడవుంటుంది, ఎర్ర గరుసు నేల. పోయినేడు ఒక్క పెద్ద వానకే మట్టి కోసుకుపోయి గేటు ముందు మేట వేసింది. గడ్డి పరిపించాను. బోరు తగ్గేసరికి మార్చికల్లా ఎండిపోయింది, చూస్తే ప్రాణం ఉసూరుమంది. నర్సరీలో నేల మీద పాకే ఊదా పూల లాంటానా చూపించారు. అమ్మేమో "అది పులికంపే, ఇంటి ముందు వద్దు" అంటోంది. వీధిలో మేకలు కూడా తిరుగుతాయి. వేయమంటారా?

కదిరి తోట:
వేయండక్కా. మా గట్టు మీద ఆరేళ్లుగా అదే ఉంది. అమ్మగారి భయం న్యాయమైనదే. పులికంప నిలువుగా పెరుగుతుంది, ముళ్లుంటాయి, దాని పండ్లు పిట్టలు తిని విత్తనాలు ఊరంతా చల్లుతాయి. మీరు చూసింది దాని చుట్టం, లాంటానా మాంటెవిడెన్సిస్. కొమ్మ సన్నగా నేలకు వాలి ఉంటుంది, చెయ్యి వేస్తే గుచ్చుకోదు, ఎత్తు మోకాలు దాటదు.

ఒకసారి నేలకు ఆనిన కొమ్మను పక్కకు జరపబోతే రాలేదు. మట్టి తీసి చూస్తే కణుపు దగ్గర కొత్త వేర్లు దిగి గరుసు రాళ్లను పట్టుకుని ఉన్నాయి. మట్టిని ఆపేది ఆ వేర్లే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఎండకు తట్టుకుంటుంది కదా అని నేను ఏప్రిల్‌లో నాటాను. 18 మొక్కల్లో 11 పోయాయి. వేరు లోపలికి దిగాకే ఏ మొక్కైనా తట్టుకునేది. తొలకరికి నాటండి, మూడడుగులకొకటి. పాదుకు పల్లం వైపు అర్ధచంద్రంలా చిన్న కట్ట వేయండి, లేకపోతే పోసిన నీళ్లు రోడ్డు మీదకే పోతాయి. మొదటి వేసవి మాత్రం వారానికి రెండుసార్లు తడపాలి. పాదులో శెనక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. మా నేలలో దానికి చెదలు పట్టాయి, అందుకే ఇప్పుడు కింద గుప్పెడు వేపపిండి వేస్తున్నాను.

పశువైద్యం:
మేకలు సాధారణంగా ఆ ఆకు వాసనకే మూతి తిప్పేసుకుంటాయి. అయినా లాంటానా పశువులకు విషం. మేత దొరకక తింటే కాలేయం దెబ్బతింటుంది, ఎండ తగిలినచోట చర్మం పుండ్లు పడుతుంది. కత్తిరించిన కొమ్మల్ని దొడ్డి దగ్గర అస్సలు పడేయకండి, గుంట తీసి పూడ్చండి.

ఎర్రమట్టి:
చాలా థాంక్స్ అన్నా, డాక్టరుగారూ. నర్సరీ నుంచి ఒక కొమ్మ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. తడిమింది, ఆకు నలిపి వాసన చూసింది. "వాసన అదే, ముళ్లు లేవు" అని ఒప్పుకుంది. గట్టు చివర వేపచెట్టు నీడ పడుతుంది, అక్కడా వేయనా?

కదిరి తోట:
అక్కడ వద్దక్కా. నీడలో తీగ సాగుతుంది గానీ పూలు రావు.