పౌలుది బెన్యామీను గోత్రం కదా, మరి యూదుడెలా అయ్యాడు?

సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా క్లాసులో ఆరో తరగతి పిల్లాడు నన్ను ఇరికించేశాడు. రోమా 11:1లో పౌలు తనది బెన్యామీను గోత్రం అంటాడు. అపొస్తలుల కార్యములు 22:3లో యూదుణ్ణి అంటాడు. "యూదా, బెన్యామీను అన్నదమ్ములు కదా టీచర్, తమ్ముడి వంశంవాడు అన్న పేరెందుకు చెప్పుకుంటాడు?" అని. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నా. ఎవరైనా పుణ్యం కట్టుకోండి.

పాతరాళ్ళు:
అక్కా, పిల్లాడు గట్టివాడే. గోత్రం పేరు రాజ్యానికి వచ్చింది, రాజ్యం పేరు జనానికి అంటుకుంది. అంతే చిక్కు.

యూదా గోత్రానిది హెబ్రోను చుట్టుపక్కల కొండసీమ. దావీదు మొదట ఏడున్నరేళ్ళు హెబ్రోనులోనే ఉండి ఏలాడు, తర్వాతే యెరూషలేము. సొలొమోను పోయాక, క్రీ.పూ. 930 ప్రాంతంలో, వెట్టిచాకిరీ తగ్గించమన్న జనాన్ని కొడుకు రెహబాము కసిరికొట్టాడు. ఉత్తరాది గోత్రాలు విడిపోయి ఇశ్రాయేలు రాజ్యం పెట్టుకున్నాయి. బెన్యామీను మాత్రం యూదాతో ఉండిపోయింది, ఆ దక్షిణ రాజ్యానికి యూదా అన్న పేరే నిలిచింది. వాళ్ళ పొలిమేర యెరూషలేముకు ఆనుకునే ఉంది, ఎక్కడికి పోతారు!

ఇది బైబిలు చెప్పే కథ. దావీదు రాజ్యం ఎంత పెద్దదో తవ్వకాలవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ 1993లో తేల్ దాన్‌లో దొరికిన అరామిక్ శాసనంలో 'దావీదు ఇల్లు', అంటే దావీదు రాజవంశం, అన్న మాట ఉంది. చెక్కించినవాడు శత్రురాజు, పొగడాల్సిన పని లేదు.

క్రీ.పూ. 722లో అష్షూరువాళ్ళు ఉత్తర రాజ్యాన్ని మింగేశారు. 701లో వాళ్ళ రాజు సన్హెరీబు యూదా మీదికొచ్చి లాకీషు కోటను పడగొట్టాడు. ఆ యుద్ధం చెక్కిన రాతిపలకలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో చూశాను. కోట గోడను గుద్దే యంత్రానికి నిప్పంటుకోకుండా ఒకడు పొడుగు గరిటెతో నీళ్ళు పోస్తుంటాడు. ఇంకోచోట ఊరొదిలి పోతున్న కుటుంబం. ఎద్దుల బండి, మూటల మీద ఆడవాళ్ళు, పిల్లలు. ఆ బండి దగ్గర చాలాసేపు నిలబడిపోయా. 46 కోటలు పట్టానని, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని సన్హెరీబు రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టానని మాత్రం ఎక్కడా రాయలేదు!

ఆ పని 586లో బబులోను రాజు నెబుకద్నెజరు చేశాడు, జనాన్ని బబులోనుకు చెరపట్టుకుపోయాడు. చెరలో ఏ గోత్రమని అడిగేదెవరు? యూదా దేశంనుంచి వచ్చినవాడు యూదుడు. హైదరాబాద్‌లో ఏ జిల్లావాడైనా 'ఆంధ్రావాడు' అయిపోయినట్టు. ఎస్తేరు 2:5 తీసి చూపించండి: మొర్దెకై బెన్యామీనీయుడు, అదే వచనంలో యూదుడు. తర్వాత ఆ సీమను పారసీకులు 'యెహూద్' అన్నా, రోమీయులు 'యూదయ' అన్నా అన్నీ ఆ పేరే. పౌలు వాడింది అదే.

చేబ్రోలు కుర్రాడు:
మా పక్కన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే 'బెనే ఎఫ్రాయీము' వాళ్ళున్నారు. తమది ఎఫ్రాయీము గోత్రమని వాళ్ళ నమ్మకం. ఎఫ్రాయీమంటే విడిపోయిన ఉత్తరాది వర్గమే కదా, ఆ ఉత్తర రాజ్యపు మొదటి రాజు యరొబాముదీ అదే గోత్రం. అయినా ఊళ్ళో అందరూ వాళ్ళను 'యూదులు' అనే అంటారు!

సండేస్కూల్ టీచర్:
చాలా థాంక్స్ తమ్ముళ్ళూ. ఎస్తేరు వచనం ఎన్నిసార్లు చదివానో, ఎప్పుడూ తట్టలేదు. పాతరాళ్ళు గారూ, ఆ ఎద్దుల బండి ఫోటో ఉంటే పెట్టరా? మావాడు బొమ్మ చూడందే నమ్మడు.